విశాఖ నుంచి చుక్కల ఫొటోలు: మేడ మీద మొదలుపెట్టి అరకు కొండల దాకా

మొదటిసారి అరకులో రాత్రంతా కెమెరా పెట్టినప్పుడు మొత్తం 240 ఫొటోలు వచ్చాయి. మరుసటి రోజు ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వేసి చూస్తే మొదటి డెబ్బై బాగున్నాయి. డెబ్బై ఒకటో దాంట్లో నక్షత్రాల చుట్టూ సన్నటి వలయం. తొంభయ్యో దానికి అంతా మసక. వంద దాటాక పలకమీద సుద్ద తుడిచినట్టు తెల్లగా అలుక్కుపోయింది. లెన్సు మీద మంచు పట్టింది. నేనేమో పక్కనే శాలువా కప్పుకుని కూర్చుని, షట్టర్ టక్ టక్ మంటుంటే వింటూ మురిసిపోతున్నాను. ఒక్కసారి లేచి టార్చి వేసి అద్దం చూసుంటే సరిపోయేది.

కాబట్టి ఈ మార్గదర్శిలో కెమెరా మోడళ్ల గురించి తక్కువ, తేమ గురించి, చీకటి గురించి, పక్కన ఉండే మనుషుల గురించి ఎక్కువ ఉంటుంది. విశాఖలో ఉండి ఈ పని చేసేవాళ్ల డబ్బు లెన్సుల మీద వృథా అవుతుంది, రాత్రులు మంచుకి వృథా అవుతాయి. రెండూ తప్పించుకోవచ్చు.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్నదాంతో మేడ ఎక్కండి

ఊళ్లోంచి పాలపుంత కనపడదు. పోర్టు దీపాలు, స్టీల్‌ప్లాంటు వెలుగు, బీచ్ రోడ్డు లైట్లు, దానికి తోడు సముద్రపు తేమలో ఆ వెలుతురంతా చెదిరి ఆకాశం మీద పొరలా పరుచుకుంటుంది. ఆకాశం ఎంత నల్లగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టల్ 2001లో 1 నుంచి 9 వరకు ఒక కొలమానం ఇచ్చాడు. 1 అంటే కారుచీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. మన ఊరి మధ్యలో ఆకాశాన్ని 8, 9 దగ్గరే లెక్కేసుకోవాలి.

అలాగని మేడని తక్కువ చేయకండి. చంద్రుడికి, గ్రహాలకి, సూర్యుడికి చీకటి అక్కర్లేదు. 1840ల నాటికే గోడే వెంకట జగ్గారావు గారు ఇదే ఊళ్లో, ఇప్పటి డాబాగార్డెన్స్ ప్రాంతంలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. ఇప్పుడు ఆ వీధుల్లో నడుస్తుంటే బట్టల షాపుల హోర్డింగులు తప్ప ఏమీ కనపడవు, అది వేరే సంగతి. సూర్యుణ్ణి ఫొటో తీయాలనుకుంటే మాత్రం లెన్సు ముందు భాగంలో అసలైన సోలార్ ఫిల్టర్ బిగించాల్సిందే. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లజోళ్లు పనికిరావు. కన్ను పోతే మళ్లీ రాదు.

మేడ మీద రెండు పనులు నేర్చుకోండి. ఒకటి, చంద్రుడు. పౌర్ణమినాటి చంద్రుడికి ఐఎస్‌ఓ 100 (సెన్సార్ వెలుతురుని పట్టే సున్నితత్వం), ఎఫ్/11 (లెన్సు ఎంత తెరుచుకుంటుందో ఆ అంకె, పెరిగితే సన్నబడుతుంది), షట్టర్ 1/100 సెకను దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. రెండోది అసలైనది: చీకట్లో, మెనూ వైపు చూడకుండా, వేళ్ల గుర్తుతో కెమెరా నడపడం. మీటలు ఎక్కడున్నాయో కొండ మీద చలిలో వెతుక్కోవడం కన్నా చిరాకు ఇంకోటి లేదు. మా ఇంట్లోవాళ్లు నన్ను పిచ్చోడనుకున్నా సరే, గది లైటు ఆర్పేసి వారం రోజులు సాధన చేశాను.

రెండో అడుగు: ఏది కొనాలి, ఏ వరసలో

మీ దగ్గర ఏదైనా డీఎస్‌ఎల్‌ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ (రెండూ లెన్సు మార్చుకునే కెమెరాలే) ఉంటే అదే చాలు. లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 600డి, నికాన్ డి5300 లాంటి పాత బాడీలు దొరుకుతాయి. వీటి స్క్రీను బయటికి తిరుగుతుంది. నడినెత్తి మీదికి కెమెరా ఎత్తిపెట్టినప్పుడు నేలమీద పడుకుని మెడ విరుచుకోకుండా ఆ స్క్రీనే కాపాడుతుంది. దాంతోపాటు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు. చవకైన లెన్సుల్లో ఇంత వెలుతురు పట్టేది ఇంకోటి లేదు. పూర్తిగా తెరిస్తే అంచుల్లో నక్షత్రాలు రెక్కలొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి ఎఫ్/2.8కి కాస్త మూసి వాడండి.

తర్వాత ట్రైపాడ్. దీని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పెళ్లి వీడియోలవాళ్లు వాడే బరువైనది పాతదైనా పర్లేదు. గాలికి ఊగితే నడుమ ఉన్న కొక్కేనికి ఒక సంచీలో రాళ్లు వేసి వేలాడదీయండి. ఇంటర్వలోమీటర్ అనే రిమోట్ ఒకటి కొనండి. వరసగా వందల ఫొటోలు అదే తీస్తుంది. చాలా కెమెరాల్లో ఈ సదుపాయం లోపలే ఉంటుంది, ముందు మెనూలో వెతకండి.

ఆ తర్వాత మీరు కొనాల్సింది ఇంకో లెన్సు కాదు, డ్యూ హీటర్. లెన్సు చుట్టూ బెల్టులా చుట్టుకుని, పవర్ బ్యాంకుతో పనిచేసే చిన్న పట్టీ. రాత్రిపూట లెన్సు అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మంచు బిందువు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కిందికి దిగగానే దానిమీద నీరు పేరుకుంటుంది. పట్టీ దాన్ని ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు. మంచు పట్టాక పెట్టడం కాదు, మొదటి ఫొటోకి ముందే పెట్టాలి. ఆ డెబ్బై ఫొటోల రాత్రి తర్వాత నేను కొన్న మొదటి వస్తువు ఇదే.

ఇంకాస్త ముందుకెళ్లాలనుకుంటే ట్రాకర్. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అందుకే ఎక్కువసేపు షట్టర్ తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటి ట్రాకర్ కెమెరాని అదే వేగంతో ఎదురు తిప్పుతుంది. అప్పుడు 5 సెకన్ల చోట 1, 2 నిమిషాలు తెరిచి ఉంచొచ్చు. 135 ఎంఎం లెన్సుతో ఇది కలిస్తే సంవత్సరాల తరబడి తీసుకోవడానికి సరిపడా సరుకు ఆకాశంలో ఉంది.

టెలిస్కోపు గురించి అందరూ మొదట అడుగుతారు, నేను చివరికి నెడతాను. డబ్బా మీద 675 రెట్లు అని రాసున్న సన్నకాళ్ల టెలిస్కోపు కొనకండి. 8 అంగుళాల డాబ్సోనియన్ (నేలమీద పెట్టి చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపు) కంటితో చూడటానికి అద్భుతం, కానీ నక్షత్రాలని అనుసరించి తిరగదు కాబట్టి నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలకి పనికిరాదు. ఫొటోల కోసమే అయితే ట్యూబు కన్నా దాన్ని మోసే ఈక్వటోరియల్ మౌంటు (చుక్కల వెంట తిరిగే స్టాండు) మీద ఎక్కువ పెట్టాలి. ఇక 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపులు: ఫోన్లో పేరు నొక్కితే అదే వెతికి, అదే తీసి, అదే కలుపుతుంది. కొందరు దీన్ని చూసి మొహం చిట్లిస్తారు. నేను చిట్లించను. నలుగురు కొత్తవాళ్లు వచ్చినప్పుడు పది నిమిషాల్లో మృగశిర (ఓరియన్) నెబ్యులాని రంగుల్లో చూపించడానికి దాన్ని మించింది లేదు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి మాత్రం చేత్తో చేసే పనే మేలు. పైగా ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీల వెడల్పు, అది ఎస్50 ఒక్క ఫ్రేములో పట్టదు.

కొన్నవన్నీ దాచడం విశాఖలో వేరే చదువు. సముద్రపు గాలికి లెన్సుల లోపల ఫంగస్ సాలెగూడులా పాకుతుంది. వంటింట్లో వాడే గాలి చొరబడని పెద్ద డబ్బా తీసుకుని, అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి, లెన్సులని దాంట్లోనే ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తడి పీల్చుకున్నట్టు. మూకుడులో సన్న సెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ మూకుడు మళ్లీ వంటకి వాడకండి. బీచ్‌లో ఫొటోలు తీసొచ్చిన రోజు ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఉప్పు, ఇసుక కలిసి ఆ బిగింపులని తినేస్తాయి.

మూడో అడుగు: రాత్రిని ఎంచుకోండి

ఇక్కడ మనకి గోడ మీది క్యాలెండరే మొదటి యాప్. అమావాస్యకి ముందు నాలుగు రోజులు, తర్వాత మూడు రోజులు. చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది: "అమావాస్య పూట ఆ కొండల్లోకి ఎందుకురా, ఇంకో రోజు లేదా?" లేదు మరి.

ఏ నెలలో ఏది తీయాలో కూడా నెల పేరే చెబుతుంది. పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో ఆ నెలకి ఆ పేరు. అంటే ఆ నక్షత్రం సూర్యుడికి ఎదురుగా ఉంది, సాయంత్రం తూర్పున పొడిచి అర్ధరాత్రికి నడినెత్తి వైపు వస్తుంది. కార్తీకంలో కృత్తికలు. మార్గశిరంలో మృగశిర, దాని కిందనే మూడు చుక్కల వడ్డాణం, ఆ కింద పెద్ద నెబ్యులా. జ్యేష్ఠంలో జ్యేష్ఠ నక్షత్రం, అంటే వృశ్చికం గుండెలో ఎర్రచుక్క, దాని పక్కనే పాలపుంత నడిమి భాగం. మన ఊరి పేరులో ఉన్న విశాఖ కూడా తులారాశిలో కనిపించేదే, వైశాఖంలో చూసుకోవచ్చు.

చిక్కేమిటంటే జ్యేష్ఠం వచ్చేసరికి మబ్బులు మొదలవుతాయి. పాలపుంత నడిమి భాగం కావాలంటే రుతుపవనాలు రాకముందే నిద్ర మానుకోవాలి: మార్చిలో అయితే రాత్రి 2 దాటాక, ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక. మన 17.7 డిగ్రీల అక్షాంశం నుంచి అది 43 డిగ్రీల ఎత్తు దాకా ఎక్కుతుంది. ఢిల్లీవాళ్లకి ఈ అదృష్టం లేదు. అలాగే దక్షిణాన అగస్త్య నక్షత్రం, ఒమెగా సెంటారీ నక్షత్ర గుత్తి, వేసవి మొదట్లో త్రిశంకు కూడా మనకి దొరుకుతాయి. ఏప్రిల్‌లో కొండల్లో పోడు కోసం కాల్చిన పొగ అడ్డం వస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మొత్తానికి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మన కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చి వర్షం కురిసి వెళ్లాక వచ్చే ఒకటి రెండు రాత్రులు గాలి కడిగినట్టు ఉంటుంది, సెలవు పెట్టయినా పోండి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాలు, విండీ యాప్ చూడండి. వర్షం ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, ఉష్ణోగ్రతకీ మంచు బిందువుకీ తేడా ఎంతో చూడాలి. రెండు మూడు డిగ్రీల కన్నా తక్కువైతే ఆ రాత్రి మంచు ఖాయం.

నాలుగో అడుగు: చోటు

భీమిలి వైపు బీచ్ మొదటి మెట్టు. సముద్రం మీద దీపాలు తక్కువ కాబట్టి ఆగ్నేయం వైపు పర్లేదు, నైరుతి వైపు తిరిగితే ఊరి వెలుగే.

అసలు చీకటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కితే అరకు, చోడవరం మీదుగా పాడేరు, నర్సీపట్నం మీదుగా లంబసింగి. అరకు ఊళ్లో ఇప్పుడు రిసార్టుల లైట్లు బాగా పెరిగాయి. ఊరికి కాస్త దూరంలో, చుట్టూ కాఫీ తోటలున్న చోట దిగండి. గది బుక్ చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటే: "రాత్రి పదింటికి ఆవరణ లైట్లు ఆర్పుతారా?" ఫోన్లో అందరూ సరే అంటారు. వెళ్లాక స్విచ్ బోర్డు ఎక్కడుందో చూపించమనండి.

లంబసింగి చలికి పేరున్నది, అయితే పొగమంచుకి అంతకన్నా పేరు. అర్ధరాత్రి దాటితే చేయి కనపడదు. నేను అక్కడికి ఫొటోల కోసం పోను, చలి కోసం పోతాను. దీనికి విరుగుడు ఎత్తు. శీతాకాలం రాత్రి చల్లగాలి లోయలోకి జారి, పొగమంచు అక్కడే పేరుకుంటుంది. దానిపైన ఉన్న శిఖరం మీద నిలబడితే తలపైన ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారి జనం చూసే మేఘాల సముద్రం ఇదే. ఫొటోలవాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది: కింద ఊళ్ల దీపాలని ఆ మంచు దుప్పటిలా కప్పేస్తుంది. ఇలాంటి చోట్ల ప్రవేశ వేళలు, అనుమతులు ఉంటాయి. స్థానికులనీ, అటవీ శాఖ వాళ్లనీ ముందే అడిగి తీరాలి.

పగలే ఒకసారి వెళ్లి ఉత్తరం వైపు కొండ అడ్డం ఉందేమో చూసుకోండి. ధ్రువ నక్షత్రం మనకి దిగంతం నుంచి దాదాపు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లకన్నా కాస్త కిందే. ట్రాకర్‌ని దానివైపు సరిచేయాలి కాబట్టి ఒక్క మామిడిచెట్టు అడ్డమొచ్చినా రాత్రంతా పోతుంది.

దారిలో చెక్‌పోస్టుల్లో బండి ఆపుతారు. ఏజెన్సీ దారిలో రాత్రిపూట నల్లటి పొడుగు గొట్టాలు, వైర్లు చుట్టిన డబ్బాలు కనిపిస్తే ఆపకుండా ఎలా ఉంటారు? "ఏటండి బాబూ ఇది, ఫిరంగా?" అని అడిగారు ఒకసారి మమ్మల్ని. గుర్తింపు కార్డు, గది బుకింగు పైనే పెట్టుకుని, ఫోన్లో పాత ఫొటో ఒకటి చూపిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. చీకటి పడకముందే ఘాట్ దాటేస్తే ఇంకా మంచిది.

ఐదో అడుగు: నలుగురితో ఎలా మెలగాలి

ఒంటరిగా వెళ్లొద్దు. భద్రత ఒక కారణం. రెండోది, మీ లెన్సు మీద మంచు పడుతున్నప్పుడు "ఒరేయ్, నీది చూసుకో" అనేవాడు ఒకడుండాలి. ఆరేడుగురు చక్కటి సంఖ్య. ఇరవై మందైతే అది పిక్నిక్ అయిపోతుంది.

చీకటికి కన్ను అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల లైటు దాన్ని సెకనులో పాడుచేస్తుంది, ఆ క్షణంలో నడుస్తున్న అందరి ఫొటోలనీ కూడా. అందుకే ఎర్ర టార్చి మాత్రమే. లేకపోతే మామూలు టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం రెండు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఫోను వెలుగు పూర్తిగా తగ్గించండి. అందరూ మర్చిపోయేది కారు. తలుపు తీయగానే లోపలి లైటు, డిక్కీ లైటు, తాళం నొక్కగానే ఇండికేటర్లు. డిక్కీ లైటు మీద ముందే టేపు అంటించండి. రాగానే బండి మూతి బయటికి తిప్పి పెడితే, మధ్యలో వెళ్లాల్సి వచ్చినా హెడ్‌లైట్లు కెమెరాల మీద పడవు.

ఆకుపచ్చ లేజరుతో నక్షత్రాలు చూపించడం సరదాగానే ఉంటుంది, కానీ పక్కవాళ్ల ఫ్రేములో గీత పడుతుంది. చూపించే ముందు అడగండి, విమానం వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. ఇతరుల ట్రైపాడ్ల మధ్య నడవకండి. తప్పకపోతే ట్రైపాడ్ కాళ్లకి మెరిసే టేపు అంటించమని చెప్పండి.

కొత్తవాళ్లు వస్తే గంటసేపు ఫొటోలు మానేసి వాళ్లకి ఆకాశం చూపించండి. అరకు దగ్గరి సుంకరమెట్టలో మేం దిగిన చోట టీ కాచే ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి "సుక్కలకి ఫొటోలేటి బాబూ, రోజూ ఉండేవే కదా" అంది. బైనాక్యులర్ ఇచ్చి కృత్తికలు చూపించాం. ఆవిడ చాలాసేపు చూసి, బైనాక్యులర్ దించకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు దాటి పద్దెనిమిది దగ్గర ఆగింది. ఆ రాత్రి మాకు రెండు సార్లు టీ ఊరికే వచ్చింది.

కలిసి చేయడానికి ఒక ఆట కావాలంటే మార్చి అమావాస్యకి మెసియే మారథాన్ పెట్టుకోండి. ఫ్రెంచి ఖగోళవేత్త మెసియే జాబితాలోని 110 నక్షత్ర గుత్తులు, నెబ్యులాలు, గెలాక్సీలని ఒకే రాత్రి సాయంత్రం నుంచి తెల్లవారేలోపు వెతకాలి. మన అక్షాంశం దీనికి బాగా అనుకూలం.

ఆరో అడుగు: ఆ రాత్రి పని, వరసగా

వెలుతురు ఉండగానే ట్రైపాడ్ నిలబెట్టి, హీటర్ చుట్టి, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే సదుపాయం) ఆపేయండి. ఫైలు రా (RAW, సెన్సార్ పట్టిందంతా కుదించకుండా దాచే) ఫార్మాట్‌లో పెట్టండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలోని గరుకు మచ్చలని, అంటే నాయిస్‌ని, కెమెరాయే తగ్గించే సదుపాయం) కూడా ఆపండి, లేకపోతే ప్రతి ఫొటోకి పట్టే సమయం రెట్టింపవుతుంది.

చీకటి పడ్డాక బాగా వెలిగే నక్షత్రాన్ని లైవ్ వ్యూలో (వెనక స్క్రీను మీద) పది రెట్లు పెద్దది చేసి, ఫోకస్ రింగుని వెంట్రుకవాసి తిప్పుతూ ఆ చుక్క ఎక్కడ అతి చిన్నదవుతుందో పట్టుకోండి. దాటించి, వెనక్కి తెచ్చి, మళ్లీ దాటించి చూడండి. దొరికాక రింగు మీద టేపు. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి మళ్లీ చూడాలి. అప్పుడే అద్దం మీద ఎర్ర టార్చి వేసి మంచు కూడా చూడండి.

ట్రాకర్ లేకపోతే సమయం ఎంతో ఒక లెక్క: 500ని లెన్సు ఎంఎంతో, దాన్ని మళ్లీ సెన్సార్ క్రాప్ (35 ఎంఎం ఫిల్ము కన్నా సెన్సార్ ఎన్ని రెట్లు చిన్నదో ఆ అంకె) 1.5తో భాగించండి, కెనాన్ అయితే 1.6తో. 18 ఎంఎంకి 18 సెకన్లు, 50 ఎంఎంకి 6 సెకన్లు చిల్లర. నేను ఇంకాస్త తగ్గించి 50 ఎంఎంకి 5 సెకన్లు వాడతాను. ఐఎస్‌ఓ 1600 లేదా 3200. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూడండి, గుట్ట ఎడమ అంచుకి అతుక్కోకుండా పావు వంతు దగ్గర ఉంటే చాలు. తర్వాత అదే వస్తువుకి 360 ఫొటోలు, ఇంట్లో అన్నిటినీ ఒకటిగా కలిపితే మొత్తం అరగంట వెలుతురు. ఫొటోలు నాలుగు రెట్లయితే నాయిస్‌తో పోలిస్తే వెలుతురు రెట్టింపు శుభ్రమవుతుంది, అందుకే ఒకే రాత్రి నాలుగు వస్తువుల వెంట పరిగెత్తకుండా ఒక్కదాని మీదే కూర్చోండి.

అయ్యాక లెన్సుకి మూత పెట్టి, అవే సెట్టింగులతో అక్కడే, ఆ చలిలోనే 20 నుంచి 30 డార్క్‌లు (సెన్సార్ సొంత మచ్చలని తర్వాత తీసేయడానికి వాడే నల్ల ఫొటోలు) తీయండి. ఫోకస్ కదపకుండా తెల్ల టీషర్టు లెన్సుకి కప్పి తెల్లవారు వెలుగులో మరో 20 ఫ్లాట్‌లు. ఫ్లాట్‌లు లెన్సు మూలల నల్లదనాన్ని, దుమ్ము మచ్చలనీ తీసేస్తాయి. అందరూ నిద్రొస్తోందని వీటినే ఎగ్గొడతారు.

కెమెరాని గదిలోకి తెచ్చేముందు బయటే జిప్ సంచీలో మూసి, ఒక గంట తర్వాత తెరవండి. లేకపోతే వెచ్చటి గాలి తగిలి లోపలంతా చెమరుస్తుంది. మీరు కూడా తొమ్మిదింటి దాకా పడుకుని బయల్దేరండి. నిద్ర లేని కళ్లతో ఆ ఘాట్ దిగొద్దు.

ఏడో అడుగు: ఇంట్లో

డీప్‌స్కైస్టాకర్ గానీ సిరిల్ గానీ, ఫొటోలని కలిపే ఈ సాఫ్ట్‌వేర్లు ఉచితమే. సిరిల్‌లో ఫొటోలు, డార్క్‌లు, ఫ్లాట్‌లు వేరు వేరు ఫోల్డర్లలో వేసి స్క్రిప్టు నడిపితే అన్నిటినీ నక్షత్రాల మీద సరిపెట్టి ఒకటిగా కలుపుతుంది. మొదట వచ్చే చిత్రం దాదాపు నల్లగా ఉంటుంది, కంగారు పడకండి. నేపథ్యంలోని వెలుతురు పొరని తీసేసి, రంగు సరిచేసి, తర్వాత కొద్ది కొద్దిగా స్ట్రెచ్ చేయండి, అంటే మసక భాగాలని వెలిగించండి. ఆకాశం పూర్తి నలుపు కావాలని లాగితే నెబ్యులా అంచులు చచ్చిపోతాయి, బూడిదరంగు కాస్త ఉండనివ్వండి.

మామూలు కెమెరాలో ఎరుపు తక్కువగా రావడం మీ తప్పు కాదు. హైడ్రోజన్ వెలిగే 656 నానోమీటర్ల ఎరుపుని లోపలి ఫిల్టరు చాలావరకు ఆపేస్తుంది. మొదటి ఏడాది ఆ ఫిల్టరు జోలికి పోకుండా కృత్తికలు, ఆండ్రోమెడా, మృగశిర నెబ్యులా తీయండి. పాత రా ఫైళ్లు చెరపకండి. నా మొదటి రాత్రి మిగిలిన ఆ డెబ్బై ఫొటోలని రెండేళ్ల తర్వాత మళ్లీ కలిపాను, ఇప్పుడు మా హాల్లో గోడకి వేలాడుతున్నది అదే.